ఎదురుగాలి లెక్క

రాయలసీమ గురించి రాయమంటే అందరూ కరువు గురించి రాస్తారు. ఈ సంచికలో కూడ ఎవరో ఒక మిత్రుడు రాసే వుంటాడు. ఆ పని అతనికే వదిలేస్తాను. నేను రాయబోయేది మనకు ఏనాడూ కొరత పడని ఒకే ఒక వస్తువు గురించి. అది గాలి.

నవ్వకండి. గాలి ఎక్కడ లేదంటారా? వుంది. కాని మన గాలి వేరు. నైరుతి ఋతుపవనం అరేబియా సముద్రం మీద కడుపునిండా నీళ్లు తాగి బయలుదేరుతుంది. పడమటి కనుమలు అడ్డం నిలబడేసరికి తెచ్చిన సరుకంతా అక్కడే దించేస్తుంది. కొండ దిగి కర్నూలు, కడప చేరేసరికి మిగిలేది వట్టి గాలి. అన్నదమ్ముల పంపకంలో పెద్దవాడికి మాగాణి, చిన్నవాడికి మొండి గోడలు వచ్చినట్టు, వాన వాళ్లకు, గాలి మనకు వచ్చింది. ముంగారు అని పేరే గాని, ఆషాఢం పొడుగునా మబ్బులు మన నెత్తిమీద పరుగెత్తి పోతుంటాయి, చుక్క రాలదు. కింద దుమ్ము మాత్రం లేస్తుంది. ఆ గాలికి కూడ ధర పలుకుతుందని తెలిసింది 1990 దశకంలో. అనంతపురం జిల్లా రామగిరి దగ్గర గాలిమరలు లేచాయి. ఇవాళ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్టల మీద కూడ అవి తిరుగుతున్నాయి. మా జేజినాయన వాటిని చూసి, "మనం తిట్టిన గాలినే వాళ్లు సంపాదనకు పెట్టుకున్నారప్పా" అన్నాడు.

నాకు మాత్రం ఆ గాలి ఆటకు పనికొచ్చింది. అదెట్లాగో చెబుతాను.

విండ్‌సర్ఫింగ్ అని ఒక ఆట వుంది. మనిషి పొడుగుకు మించిన పలక, దానికి ఎటుబడితే అటు వాల్చగలిగే తెరచాప. ఆటగాడు పలక మీద నిలబడి, తెరచాప కొయ్యను రెండు చేతులా పట్టుకుని, గాలి బలంతో నీళ్ల మీద జారిపోతుంటాడు. ఇది సముద్రతీరపు దొరబిడ్డల ఆట అని నేనూ అనుకున్నాను. కాని దాని పుట్టుక చూస్తే అట్లా లేదు. అమెరికాలో న్యూమన్ డార్బీ అనే ఆయన 1964లో ఇటువంటి పలకను తయారుచేసి నడిపింది పెన్సిల్వేనియాలో. కాలిఫోర్నియాలో హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనే ఇద్దరు 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి ఆట చేరింది.

అందులో నన్ను పట్టింది ఒలింపిక్ పోటీ కాదు, వేగం పిచ్చి. ప్రపంచంలో కొందరు ఎవరితోనూ పోటీపడరు, తమతో తామే పోటీపడతారు. నిన్నటి తన వేగం ఎంత, ఇవాళ్టి తన వేగం ఎంత, అంతే. ఏ గాలిలో, ఏ నీళ్లలో, ఏ తెరచాపతో అని లెక్క రాసుకుంటారు. అధికారిక రికార్డుకయితే 500 మీటర్ల పరుగు, దాని సగటు వేగం. సొంత లెక్కలకు చేతికి జి.పి.ఎస్. కట్టుకుని, పదేసి సెకన్ల పరుగులు అయిదు ఎంచి, ఆ అయిదింటి సగటును తమ వేగంగా చెప్పుకుంటారు. ఒక్క గాలి విసురులో అదృష్టం కొద్దీ వచ్చిన అంకెకు గౌరవం లేదు. అయిదుసార్లు చేసి చూపించాలి. ఈ మాట నాకు బాగా నచ్చింది.

అయితే ఈ వేగానికి ఒక చిక్కు వుంది. వేగం కావాలంటే గాలి బలంగా వీచాలి. గాలి బలంగా వీస్తే అల లేస్తుంది. అల లేస్తే పలక ఎగిరెగిరి పడుతుంది, వేగం పోతుంది. పెనుగాలి కావాలి, అద్దంలాంటి నీళ్లు కావాలి. రెండూ ఒకచోట ఎట్లా దొరుకుతాయి? దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం వింటే మీరు కూడ నా మాదిరే లేచి కూర్చుంటారు. కాలువ! సన్నటి కాలువలో అల పెరగడానికి చోటుండదు. దక్షిణ ఫ్రాన్స్‌లో సెయింత్-మరీ-ద-లా-మేర్ అనేచోట తవ్విన కాలువలో 1993లో థియెరీ బీలక్ గంటకు దాదాపు 84 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆఫ్రికాలో నమీబియా దేశాన లూడెరిట్జ్ అనే వూరుంది. చుట్టూ నమీబ్ ఎడారి. అక్కడ తవ్విన కాలువలో 2015 నవంబరులో ఆంత్వాన్ ఆల్బో అనే ఫ్రెంచి ఆటగాడు 500 మీటర్లు గంటకు 98 కిలోమీటర్లు దాటిన వేగంతో పోయాడు. నీళ్ల మీద, ఇంజను లేకుండా, గాలితో!

ఎండిన నేల, ఎదురులేని గాలి, మనిషి తవ్విన కాలువ. ఈ మూడూ చదివినప్పుడు నాకు నమీబియా గుర్తు రాలేదు. మా వూరు గుర్తొచ్చింది.

మా వూరు కర్నూలుకు పడమర తొమ్మిది కిలోమీటర్లు, కె.సి. కెనాల్ గట్టు మీద. కె.సి. కెనాల్ అంటే కర్నూలు-కడప కాలువ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870కి తవ్వింది. సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టి, కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా మూడువందల కిలోమీటర్లకు పైగా తీసుకుపోతుంది. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. తవ్విన ఉద్దేశం సేద్యం ఒక్కటే కాదు, పడవలు కూడ నడపాలని. అంటే మిత్రులారా, ఈ ఎండిన సీమలో నీళ్ల మీద ప్రయాణం చెయ్యాలన్న ఊహ నాది కాదు. నూటయాభై ఏండ్ల కిందటే దానికి ఆనవాలు తవ్విపెట్టారు.

కాని నా దగ్గర పలక లేదు, తెరచాప లేదు. తుంగభద్రలో పుట్టి వుంది. అది గుండ్రంగా వుంటుంది, దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు ఆపితే తన చుట్టూ తాను తిరుగుతుంది. దానితో వేగం రికార్డు పెట్టడమంటే రోలును పరుగెత్తించడమే. పైగా కాలువలో దిగుతానంటే మా అమ్మ ఒప్పుకోదు. అందుకని నీళ్లను వదిలేసి గట్టు పట్టుకున్నాను. గట్టు మీద గరుసు రోడ్డు, నా కింద పాత హీరో సైకిలు. కాలువ అదే, గాలి అదే, దూరం అదే 500 మీటర్లు. తెరచాప అంటారా, బొత్తాలు విప్పిన చొక్కా వుండనే వుంది.

రెండు తూముల మధ్య టేపు పెట్టి కొలిచి 500 మీటర్లు గుర్తు వేసుకున్నాను. మొదటి తూముకు వంద మీటర్ల ముందు నుంచి తొక్కుకుంటూ వచ్చి, తూము దాటగానే ఫోనులో గడియారం నొక్కడం, రెండో తూము దగ్గర ఆపడం. ఒక లాంగు నోటుబుక్కు తీసుకుని గళ్లు గీశాను. తేదీ, వేళ, ఏ దిక్కుకు పోయింది, ఎన్ని సెకన్లు, రోడ్డు ఎట్లా వుంది. చివరి గడి గాలిది. ఆ గడిలో ఏం రాయాలన్నది పెద్ద ప్రశ్న. గాలిని కొలిచే పరికరం మనదగ్గర ఎక్కడిది?

దీనికి జవాబు 1805లోనే వుంది. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిషు నౌకాధికారి గాలికి మెట్లు కట్టాడు. సున్నా నుంచి పన్నెండు. కొలిచే పరికరం అక్కరలేదు, చుట్టూ చూస్తే చాలు. నేలమీద వాడే పద్ధతి ప్రకారం పొగ నిటారుగా లేస్తే సున్నా. మొహానికి గాలి తగిలి ఆకు గలగలమంటే రెండు. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదిలితే మూడు. దుమ్మూ కాగితం ముక్కలూ లేస్తే నాలుగు, అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. చిన్న చెట్లు వూగితే అయిదు. పెద్ద కొమ్మలు వూగి, గొడుగు నిలవకపోతే ఆరు. నేను దీన్ని మా వూరి లెక్కకు మార్చుకున్నాను. పొయ్యి పొగ నిటారు – సున్నా. కానుగాకు కదిలితే రెండు. తూర్పార పట్టడానికి జేజినాయన చేట ఎత్తితే మూడు. ఆయన చేట దించేసి, "ఇది పొట్టుతోపాటు గింజనూ తీస్కపోయే గాలి" అని లేచిపోతే నాలుగు. రేకుల కప్పు మీద రాళ్లు పెట్టమని అమ్మ కేకేస్తే అయిదు. ఆరు వచ్చిన రోజు నేను సైకిలెక్కలేదు.

ఏడాది రాసిన తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే మా గట్టు మీద కాలాలన్నీ కనిపిస్తాయి. చైత్ర వైశాఖాల్లో తెల్లవారుజామున గాలి వుండదు. కాలువ ఎండి పగుళ్లిచ్చి వుంటుంది, రోడ్డు గట్టిగా వుంటుంది. అవి నిజాయితీ అయిన అంకెలు. మధ్యాహ్నాలు మాత్రం సుడిగాలులు లేచి, ఒకే పరుగులో ముందు నుంచీ వెనక నుంచీ కొట్టేవి. ఆ అంకెలకు అర్థం లేదు, కొట్టేశాను. జూన్ వచ్చిందంటే పడమటి గాలి నిలబడుతుంది. తెల్లవారి రెండు, పది గంటలకు మూడు, సాయంత్రానికి నాలుగూ అయిదూ. ఎండ నేలను వేడిచేసేకొద్దీ గాలి పెరగడం, రాత్రి నేల చల్లబడితే తగ్గడం రోజూ చూసేవాణ్ణి. కాలువకు నీళ్లు వదిలాక గట్టు పక్కలు నాని మెత్తబడతాయి, చక్రం లాగుతుంది. ఇదే కాలంలో ఒకసారి సుంకేశుల బ్యారేజీ దాకా తొక్కి చూశాను. నిలవనీళ్ల మీద తెల్లటి నురగతో అలలు లేస్తున్నాయి. అదే గాలికి కాలువలో చిన్న ముడతలు తప్ప ఏమీ లేదు. ఎడారిలో కాలువ ఎందుకు తవ్వారో పుస్తకం చెప్పినదానికన్నా నాకు అక్కడ బాగా అర్థమైంది. ఇక హింగారి రోజుల్లో గాలి తూర్పుకు తిరిగి మెత్తబడుతుంది. పుష్యమాసం చలిలో మళ్లీ సున్నా, ఒకటి.

ఇప్పుడు అసలు అంకెలకు వస్తాను. గాలి సున్నా వున్న పొద్దుల్లో నా అయిదు మంచి పరుగుల సగటు 66 సెకన్లు. అంటే గంటకు 27 కిలోమీటర్ల చిల్లర. ఆషాఢంలో, గాలి అయిదు వున్న సాయంత్రం, తూర్పుకు తిరిగి గాలిని వీపు మీద పెట్టుకుని తొక్కితే 52 సెకన్లు వచ్చింది. గంటకు 34 కిలోమీటర్లు దాటింది! ఆరోజు నాతో వచ్చిన మిత్రుడు ఎగిరి గంతేసి, "రికార్డు రా మామా, రికార్డు! రాస్కో ఎర్ర ఇంకుతో" అన్నాడు.

"ఆగప్పా, పడమరకు గూడ తొక్కనీ" అన్నాను.

పడమరకు తిరిగాను. గాలి ఎదురయింది. చొక్కా వీపున బుడగలాగ లేచింది, కళ్లల్లో దుమ్ము, పెడలు మీద నిలబడి తొక్కినా సైకిలు కదిలితే ఒట్టు. 98 సెకన్లు! గంటకు 18 కిలోమీటర్లు. మిత్రుడు ఆ అంకె రాయొద్దంటాడు.

"పోయేటప్పుడు వచ్చింది రికార్డు. వచ్చేటప్పుడు వచ్చింది గాలి తప్పు."

"పోయేటప్పుడు గాలి లేదా?"

"వుంటే ఏమి? మన వూరి గాలే గదా! ఎవరబ్బ సొమ్ము?"

ఈ వాదం మూడు రోజులు నడిచింది. చివరకు రచ్చబండకు పోయినట్టు జేజినాయన దగ్గరికి పోయాం. ఆయన ఇద్దరి మాటా విని, "ఆ 66 సున్నా నాటిది గదా. గాలి నీకు ఎంత ఇచ్చె?" అన్నాడు. "పద్నాలుగు సెకన్లు." "ఎంత తీసుకునె?" "ముప్పైరెండు." ఆయన నవ్వి, "గాలి ఊరికే ఇచ్చేది కాదురా. వడ్డీకి ఇస్తాది" అన్నాడు.

ఎంత నిజం! రెండువైపులా కలిపితే గాలిలేని పొద్దున 132 సెకన్లు, గాలి వున్న సాయంత్రం 150. పోయేటప్పుడు కలిసి వచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, సరికి సరి అనుకుంటాం. కాదు. దీనికి రెండు కారణాలు. మొదటిది వట్టి కూడికలే. గంటకు 20 కిలోమీటర్లు పోగలవాడికి వెనకగాలి 5 కలిపి, ఎదురుగాలి 5 తీసిందనుకోండి. పది కిలోమీటర్లు పోవడానికి 24 నిమిషాలు, రావడానికి 40. మొత్తం 64. గాలి లేకుంటే 60తో అయిపోయేది. ఎందుకంటే గాలి సాయం చేసే వేళ తొందరగా అయిపోతుంది, గాలి బాధపెట్టే వేళ ఎక్కువసేపు వుంటుంది. రెండోది భౌతికశాస్త్రం. మనిషిని గాలి నెట్టే బలం వేగంతోపాటు పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. ఎదురుగా వచ్చే గాలి రెట్టింపయితే నిరోధం నాలుగింతలు. అందుకే వెనకగాలి ఇచ్చినంతే ఎదురుగాలి పుచ్చుకోదు, అంతకు మించి పుచ్చుకుంటుంది.

ఇక ఆ 52 రికార్డా, కాదా? పరుగు పందేల పెద్దలు దీన్ని ఏనాడో తేల్చారు. వంద మీటర్లు, రెండువందల మీటర్లు, చిన్న హర్డిల్సు, లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్‌లకు గాలి కొలుస్తారు. వెనకగాలి సెకనుకు 2 మీటర్లు దాటిందా, గెలుపు చెల్లుతుంది గాని రికార్డు చెల్లదు. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో వంద మీటర్లు పరుగెత్తితే దాని పక్కన గాలి 0.9 అని కూడ రాశారు. రాజుగారి పేరు పక్కన కూడ గాలి గడి తప్పలేదు.

మన తెలుగుపిల్ల సంగతే చూడండి. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి. తండ్రి సెక్యూరిటీ గార్డు. వంద మీటర్ల హర్డిల్సులో అప్పటి భారత రికార్డు 13.38 సెకన్లు, అనురాధా బిశ్వాల్ 2002లో పెట్టింది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్పులో జ్యోతి 13.09లో పరుగెత్తింది. ఇరవై ఏండ్ల రికార్డు పగిలిందని అందరూ అనుకున్నారు. గాలి చూస్తే సెకనుకు 2.1 మీటర్లు. హద్దు 2.0. ఒక్క పిసరు ఎక్కువ. రికార్డు చెల్లలేదు. గంటల్లో చెప్పాలంటే 7 కిలోమీటర్ల చిల్లర గాలి. మా గట్టు మీద దాన్ని ఎవరూ గాలి అని కూడ అనరు, కానుగాకు కదిలిందంటారు. మనమయితే ఏం చేసేవాళ్లం? యంత్రాన్ని తిట్టేవాళ్లం, నియమాన్ని తిట్టేవాళ్లం. ఆమె మే 10న సైప్రస్ దేశంలో లిమసోల్‌లో 13.23 పరుగెత్తింది. కోజికోడ్ కన్నా అంకె పెద్దది, కాని గాలి హద్దులో వుంది. అది రికార్డయింది. మరుసటి ఏడాది, 2023 ఆగస్టులో చైనాలో చెంగ్డూ నగరాన ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78తో కంచు పతకం తెచ్చింది. గాలి లాక్కుపోయింది అనుకున్న 13.09 ఆ 12.78 ముందు ఎక్కడ నిలిచింది! గాలి ఇచ్చిన దానికోసం పోట్లాడకుండా తన కాళ్లు ఇచ్చేది ఎంతో చూసుకున్న మనిషి ఆమె.

ఇంతవరకు చెప్పింది ఆట. ఆ నోటుబుక్కు ఒక బతుకు తెరువుకు పనికొచ్చిన సంగతి ఇప్పుడు చెబుతాను.

మా చిన్నాయన కూతురు పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టుకుంది. మన సీమలో ఇంటింటికీ ఒకరున్నారు ఇట్లా. ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. ఆమె గట్టెక్కింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలయింది 2024 డిసెంబరు చివర. ఆడపిల్లలు 1600 మీటర్లను 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. ఒక్క సెకను ఎక్కువైనా రెండేండ్ల ఎదురుచూపు మట్టిపాలే. ఆ పరుగు తప్పితే చిన్నాయన పెండ్లి మాట ఎత్తడానికి సిద్ధంగా వున్నాడు. సంబంధం కూడ చూసి పెట్టాడు.

పగలంతా ఒక బట్టల అంగట్లో పని. సాయంత్రం అయిదున్నరకు గట్టు మీదికి వచ్చేది. 800 మీటర్లు తూర్పుకు, 800 పడమరకు. గడియారం నేను పట్టేవాణ్ణి. 2024 ఏప్రిల్ మొదట్లో, గాలి ఒకటి వున్న సాయంత్రం 11 నిమిషాల 5 సెకన్లు వచ్చింది. మే, జూన్ మానకుండా పరుగెత్తింది. జులై రెండోవారంలో చూస్తే 10 నిమిషాల 58. మూడున్నర నెలలకు ఏడు సెకన్లు! ఆరోజు తూము మీద కూర్చుని బూట్లు విప్పేసింది.

"యింక నా చేత కాదన్నా. నాయన చెప్పినట్టే వింటా."

నేను ఓదార్చలేదు. నోటుబుక్కు తీసి చివరి గడి చూపించాను. ఏప్రిల్ నాడు గాలి ఒకటి. ఇవాళ గాలి అయిదు.

"గాలి అయితే ఏమి? పోయేటప్పుడు నెట్టింది గదా."

"నెట్టింది. వచ్చేటప్పుడు ఎంత గుంజుకుందో చూస్తివా?"

పోయేటప్పుడు 4 నిమిషాల 55, వచ్చేటప్పుడు 6 నిమిషాల 3. జేజినాయన చెప్పిన వడ్డీ ఇదే. అయినా ఆమెకు నమ్మకం కలగలేదు. అంకెలు నా చేతిలో వున్నాయి, అలసట ఆమె కాళ్లలో వుంది. "సరే, ఒక్క పూట నా మాట విను. రేపు అంగడికి పోయేముందే రా, తెల్లవారి అయిదున్నరకు" అన్నాను.

వచ్చింది. ఆషాఢమయినా ఆ వేళకు గాలి ఇంకా లేవలేదు. వూరిమీద పొయ్యిల పొగ కొంచెం వాలి లేస్తున్నది. గాలి ఒకటి అని రాసుకున్నాను. పరుగెత్తింది. తూర్పుకు 5 నిమిషాల 8. పడమరకు 5 నిమిషాల 13. మొత్తం 10 నిమిషాల 21. హద్దుకు తొమ్మిది సెకన్లు లోపల.

ఏప్రిల్ 11:05 పక్కన దీన్ని పెట్టండి. గాలి సమానం. మూడున్నర నెలల కష్టం ఏడు సెకన్లు కాదు, నలభైనాలుగు సెకన్లు. ఆ కష్టం ఎక్కడికీ పోలేదు. సాయంత్రపు గాలి దాన్ని కప్పిపెట్టింది, అంతే. ఆమె గడియారం నా చేతిలోంచి లాక్కుని మూడుసార్లు చూసుకుంది. ఏడ్చింది కూడ, కాని నేను రాయనని మాటిచ్చిన సంగతులు కొన్ని వున్నాయి గనుక అక్కడితో వదిలేస్తాను.

ఆ తర్వాత ఆమె పద్ధతి మార్చింది. నేను చెప్పింది కాదు, ఆమె తెలివే. లెక్క చూసుకోవడానికి వారంలో ఒక పొద్దు. కాళ్లు గట్టిపడటానికి మిగతా సాయంత్రాలు, అవీ పడమర దిక్కుకే. "ఎదురుగాలి ఫీజు లేని కోచింగన్నా" అనేది. 2025 జనవరిలో కర్నూలు మైదానంలో ఆమె 9 నిమిషాల 58 సెకన్లలో ముగించింది. ఆరోజు గాలి ఎంతని అడిగితే, "చూళ్లేదన్నా, పరిగెత్తేదాంట్లో వుంటి" అంది. మంచి జవాబే. లెక్క రాసే వేళ గాలిని చూడాలి, పరుగెత్తే వేళ కాళ్లను చూసుకోవాలి.

మన కళాశాలలో ప్రతి ఏటా మార్కుల పట్టీలు గోడకెక్కుతాయి. ఆ పట్టీలో పేరుంది, నంబరుంది, మార్కులున్నాయి. గాలి గడి లేదు. ఒకడు ఇంట్లో బల్ల, దీపం, ట్యూషను, నాన్న చదువు అన్నీ వీపున పెట్టుకుని 80 తెచ్చుకుంటాడు. ఒకతె పత్తి చేన్లో కూలికి పోయి, రాత్రి అన్నం వండి, మిగిలిన గంటలో చదివి 60 తెచ్చుకుంటుంది. పట్టీ చూసి 80 గొప్పదంటాం. గట్టు మీద నా నోటుబుక్కులో అయితే 52 సెకన్ల కన్నా 98 సెకన్ల పరుగులోనే నేను ఎక్కువ కష్టపడ్డాను. ఇది 80ని తక్కువ చెయ్యడానికి చెప్పే మాట కాదు, 52 కూడ నేను తొక్కిందే. గాలి రాయకుండా అంకెలు పక్కపక్కన పెడితే, వెనకగాలి వాడికి గర్వం, ఎదురుగాలి వాడికి దిగులు, రెండూ అబద్ధపువే వస్తాయి. మా చెల్లెలు ఆ దిగులుతోనే బూట్లు విప్పింది.

గాలి గడి సాకులు రాసుకోవడానికి కూడ కాదు. అందులో అయిదు అని వుంటే అయిదు, ఒకటి అని వుంటే ఒకటి. కోజికోడ్‌లో 2.1ని 2.0 అని రాసి వుంటే జ్యోతికి ఒక రికార్డు దొరికేది. రాయలేదు గనుకనే ఆమె తర్వాతి రికార్డులకు విలువ వచ్చింది.

చివరగా, ఆ తెరచాప పలక వాళ్ల దగ్గర నేర్చుకున్న ఇంకొక ముక్క. గాలిని సరిగ్గా వీపున పెట్టుకుని పోయే తెరచాప ఎంత తన్నుకున్నా గాలి వేగాన్ని దాటలేదు. గాలి వేగం అందుకోగానే దానికి ఇక గాలి తగలదు, చాప చచ్చుబడుతుంది. గాలిని పక్క నుంచి ఏటవాలుగా పట్టినప్పుడు తెరచాప పక్షి రెక్కలాగ పని చేస్తుంది. అప్పుడు పలక తనను నడిపే గాలినే మించి పోగలదు. ఆల్బో వంటివాళ్ల వేగాలు అట్లా వచ్చినవే. గాలివాటున పోయేవాడు గాలితో సమానం కావడమే గొప్ప. గాలికి ఏటవాలుగా నిలబడ్డవాడే గాలిని దాటగలడు.

పలక మీద నిలబడే రోజు నాకు వస్తుందో రాదో. గట్టు వుంది, సైకిలుంది, నోటుబుక్కులో ఖాళీ పేజీలున్నాయి. గాలికి మాత్రం మన సీమలో ఏనాటికీ కరువు రాదు. మిత్రులారా, మీ మీ పుస్తకాల్లో కూడ ఒక గడి ఎక్కువ గీసుకోండి.